ప్రాచీన బౌద్ధారామ శిథిలాలను ఎలా చదవాలి: తొట్లకొండ ఉదాహరణగా ఒక మార్గదర్శిని

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో సుమారు 15 కిలోమీటర్ల దూరాన, మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ ఉంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న ఆ శిథిలాలను చూడడానికి వెళ్లేవారిలో చాలామంది నేరుగా పెద్ద స్థూపం దగ్గరికి నడిచి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడి నుంచి సముద్రాన్ని చూసి దిగివస్తారు. స్థూపం ఆ ఆరామానికి ప్రాణమే అయినా, ఆ కొండ మీద కొన్ని శతాబ్దాలపాటు భిక్షువులు నిద్ర లేచారు, నీళ్లు తోడుకున్నారు, భోజనం చేశారు, వర్షాకాలాన్ని గడిపారు. ఆ జీవితమంతా మోకాలెత్తు గోడల్లోనూ, రాతి గడపల్లోనూ, రాతిలో తొలిచిన తొట్లలోనూ మిగిలి ఉంది. అందువల్ల ఆరామాన్ని చదవడం నీటి దగ్గర మొదలుపెట్టి స్థూపం దగ్గర ముగించడం మేలని నా దృఢమైన అభిప్రాయం. నివాసం అర్థమైన తర్వాత ఆరాధన స్థలం దగ్గరికి వెళ్తే, ఎంతమంది కోసం, ఎవరి సాయంతో, ఎన్ని విడతల్లో అది నిర్మితమైందో మన కంటికి ఆనుతుంది.

వెళ్లే ముందు

చారిత్రక స్థలానికి వెళ్లేముందు అది ఎలా వెలుగులోకి వచ్చిందో తెలుసుకోవాలి, ఎందుకంటే మనం చూసే రూపం తవ్వినవారి నిర్ణయాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. తొట్లకొండ శిథిలాలు నౌకాదళ స్థావరం కోసం విమానం నుంచి జరిపిన సర్వేలో గుర్తింపునకు వచ్చాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు అక్కడ తవ్వకాలు జరిపింది. కృష్ణా లోయలోని మరో బౌద్ధ క్షేత్రమైన నాగార్జునకొండ కథ వేరు. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయలోని శిథిలాలను గుర్తించగా, పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు, టి.ఎన్. రామచంద్రన్ 1938లో తవ్వకాలు జరిపారు. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తేలిన తర్వాత 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతటా తవ్వకాలు జరిగాయి. కాబట్టి నేడు ద్వీపం మీద, అనుపు దగ్గర కనిపించే కట్టడాలు లోయ నుంచి తరలించి మళ్లీ పేర్చినవో, నమూనాలుగా కట్టినవో అయి ఉంటాయి. ఈ సంగతి తెలియకుండా అక్కడ నేల ఎత్తుపల్లాలను బట్టి, దిక్కులను బట్టి తీర్మానాలు చేస్తే అవి తప్పుతాయి.

పరికరాలు ఎక్కువ అక్కరలేదు. 30 మీటర్ల టేపు, దిక్సూచి, గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు, ఫోటోల్లో కొలత కోసం పక్కన పెట్టడానికి 15 సెంటీమీటర్ల స్కేలు చాలు. వానలు వెలిసి గడ్డి ఎండిన తర్వాతి నెలలు అనుకూలం. ఉదయపు ఏటవాలు ఎండలో గోడల అంచులు, ఉలి గాట్లు, చెరిగిపోయిన అక్షరాలు మధ్యాహ్నం కంటే ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. కొండెక్కగానే ఏదైనా ఎత్తయిన చోట నిలబడి, కనిపించిన గోడలన్నిటినీ ఉత్తర దిక్కు గుర్తుతో ఒక చిత్తు పటంగా గీసుకోండి. కొలతలు తర్వాత వేసుకోవచ్చు. ఆ పటంలో దేనికీ పేరు పెట్టకుండా అంకెలు మాత్రమే వేయాలి, ఎందుకంటే ముందే ‘విహారం’ అనో ‘మండపం’ అనో రాసుకుంటే ఆ తర్వాత కన్ను ఆ పేరుకు సరిపడే వాటినే వెతుకుతుంది.

మొదట నీళ్లు

తొట్లకొండ మీద రాతిలో తొలిచిన తొట్లు 11 ఉన్నాయి. కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లే. ఇలాంటివి భీమిలి దగ్గరి పావురాళ్లకొండ మీద కూడా కనిపిస్తాయి. ఎత్తయిన కొండ మీద నివసించేవారికి వర్షపు నీరే ఆధారం. ఎక్కడ బండ తొలచడానికి అనువుగా ఉందో, ఎక్కడికి వాలు సహజంగా నీటిని తెస్తుందో చూసుకున్న తర్వాతే మిగిలిన కట్టడాల స్థలం నిర్ణయమై ఉంటుందని నేను భావిస్తాను. అందుకే ప్రతి తొట్టి దగ్గరా ఆగి నాలుగు సంగతులు గమనించాలి: దానిలోకి నీరు ఏ వైపు నుంచి చేరుతుంది, నిండితే ఎటు పొర్లిపోతుంది, మనిషి దిగి తోడడానికి మెట్లున్నాయా, దాని పక్కన ఏ కట్టడం ఉంది.

తర్వాత పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి గుణించి, వచ్చిన దాన్ని 1000తో హెచ్చిస్తే అందులో పట్టే నీరు లీటర్లలో వస్తుంది. మాటవరసకు 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల తొట్టిలో 30,000 లీటర్లు పడతాయి. తలా రోజుకు 10 లీటర్లు అనుకుంటే 50 మందికి అది 60 రోజులు వస్తుంది. ఆవిరయ్యేది, ఇంకేది, అడుగున పేరుకున్న పూడిక తీసివేస్తే ఇంకా తగ్గుతుంది. తొట్లన్నిటికీ ఈ లెక్క వేసి చూస్తే, ఏడాది పొడవునా కొండ మీద ఎంతమంది ఉండగలిగేవారో ఒక హద్దు తెలుస్తుంది. లోతు కొలవడానికి తొట్టిలోకి దిగవద్దు. తాడుకు బరువు కట్టి పై నుంచి వదలడమే క్షేమం, పైగా అడుగున ఉన్న పూడిక కూడా చెదరదు.

నీటిని తెచ్చే దారితో పాటు మురుగు పోయే దారిని కూడా వెతకాలి. గదుల వరుసల మధ్య ఉన్న నడవాలో రాతి పలకలు ఒక వైపుకు వాలుగా పరిచి ఉంటే, ఆ వాలును చివరి దాకా అనుసరించండి. గోడ కింద వదిలిన రంధ్రం, దాని అవతల ఉన్న పల్లం, ఆ పల్లం ఏ తొట్టి వైపూ పోకుండా మళ్లించిన తీరు గమనిస్తే, కట్టినవారు ఎంత ముందుచూపుతో పని చేశారో తెలుస్తుంది. మిగతా కాలమంతా తిరిగే భిక్షువులు వానాకాలంలో మూడు నెలలపాటు ఒకేచోట వర్షావాసం ఉండాలన్న నియమం నుంచే స్థిరమైన విహారాలు పెరిగాయి. ఆ మూడు నెలల వానను తట్టుకోలేని కట్టడం విహారంగా పనికిరాదు.

గదులు, వంటశాల, భోజనశాల

తొట్లకొండ మీద 10 విహారాల్లో మొత్తం 72 గదులు బయటపడ్డాయి. విహారమంటే సాధారణంగా ఒక ఆవరణకు మూడు వైపులా గాని నాలుగు వైపులా గాని బారుగా కట్టిన గదులు, వాటి ముందు వసారా, కొన్నిచోట్ల మధ్యలో రాతి స్తంభాల మండపం. ప్రతి గదిలోనూ గడప రాయిని ముందు చూడండి. తలుపు బొడ్డు తిరిగిన గుంట ఏ పక్కన ఉందో దాన్ని బట్టి తలుపు ఎటు తెరుచుకునేదో, ఒకే రెక్కనా రెండు రెక్కలా అన్నది తెలుస్తుంది. గుంట బాగా అరిగి ఉంటే ఆ గది చాలాకాలం వాడుకలో ఉందని అర్థం. ఆ తర్వాత లోపలి కొలతలు, గోడ మందం రాసుకోవాలి. గోడలు మిగతావాటి కంటే మందంగా ఉంటే వాటి మీద బరువైన పైకప్పు గాని మరో అంతస్తు గాని ఉండేదేమో ఆలోచించవచ్చు. పైకప్పు విషయంలో ఊహలకు పోకుండా తవ్వకాల్లో దొరికిన మట్టి పెంకులను ఆధారం చేసుకోవాలి.

72 గదులున్నాయి కనుక ఇంతమంది భిక్షువులు ఉండేవారని వెంటనే లెక్క కట్టడం తగదు. గదులన్నీ ఒకే కాలంలో కట్టినవి కాకపోవచ్చు, కొన్ని సామాను గదులై ఉండవచ్చు, ఒక్కో గదిలో ఒకరున్నారో ఇద్దరున్నారో గోడ చెప్పదు. నీటి లెక్కను, గదుల లెక్కను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒకదాన్ని మరొకటి సరిదిద్దుతుంది. ఈ పోలిక చాలా వ్యాసాల్లో కనిపించకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

ఇక వంటశాల. మూడు గదుల వంటశాల, దాని వెంట భోజనశాల తొట్లకొండ తవ్వకాల్లో బయటపడ్డాయి. భిక్షువు ఊళ్లోకి వెళ్లి భిక్ష తెచ్చుకుని మధ్యాహ్నం లోపల తినాలన్నది వినయ నియమాల్లోని, అంటే భిక్షువుల నడవడి నియమాల్లోని, మాట. కాని ఇంత పెద్ద వంటశాల ఉందంటే బియ్యం, పప్పు, కట్టెలు కొండ పైకి చేరేవనీ, వాటిని చేరవేసే మనుషులు, దాచే గదులు, వాటిని పంపే గ్రామాలు ఉండేవనీ అనుకోవాలి. కాబట్టి వంటశాల దగ్గర నిలబడినప్పుడు కొండ కిందికి చూడాలి. ఏ బాట సులభంగా ఎక్కుతుంది, ఏ వైపు సాగునేల ఉంది, ఏ వైపు తీరం ఉంది అని పటంలో గుర్తు పెట్టుకోండి. లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు తొట్లకొండ చుట్టుపక్కల ప్రాంతాన్ని కూడా కాలినడకన సర్వే చేసి, మఠానికీ చుట్టూ ఉన్న సమాజానికీ మధ్య సంబంధాన్ని ఆ ఆధారాలతో పరిశీలించాడు. మఠం ప్రహరీ లోపలే ఆగిపోతే ఆ సంబంధం మనకు అందదు.

ఇక్కడ దొరికిన సాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు సముద్ర వర్తకాన్ని గుర్తుచేస్తాయి. అయితే భిక్షువులు వెండి బంగారాలు ముట్టరాదన్న నియమం ఉన్నచోట నాణెం దొరికిందంటే, అది ఏ గదిలో, ఏ పొరలో, విడిగానా కుండలోనా దొరికింది అన్న వివరం నాణెం కంటే విలువైనది. తెలంగాణలోని ఫణిగిరిలో 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అలా ఒకచోట దాచిన రాశి ఒక సంగతి చెబుతుంది, నేల మీద రాలిపోయిన ఒంటరి నాణెం మరో సంగతి చెబుతుంది.

గోడల్లో కాలక్రమం

ఏది ముందు కట్టారు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవడమే ఈ పని మొత్తంలో కష్టమైన భాగం, అంతే ఆనందాన్నిచ్చే భాగం కూడా. రెండు గోడలు కలిసే మూల దగ్గర కూర్చుని చూడండి. ఒక గోడ ఇటుకలు రెండో గోడలోకి చొచ్చుకుపోయి అల్లుకుని ఉంటే రెండూ ఒకేసారి లేచినవి. ఒకటి రెండోదానికి కేవలం ఆనుకుని, మధ్యలో పై నుంచి కింది దాకా నిలువు చీలిక ఉంటే, ఆనుకున్నది తర్వాత వచ్చినది. ఒక గోడ పునాది పాత నేలగచ్చు మీద లేచి ఉంటే, ఆ గచ్చు ముందుది. పాత కాలువను మూసి దాని మీదుగా వెళ్లిన గోడ, ఎత్తు పెంచిన గడప, పూడ్చేసిన ద్వారం ఇలాంటి ఆధారాలే. ప్రతి మూలకూ బాణం గుర్తు వేసుకుంటూ పోతే, సాయంత్రానికి మీ పటం మీద ఆరామం ఏ క్రమంలో పెరిగిందో దానంతట అదే కనిపిస్తుంది.

ఇటుకలను కూడా కొలవాలి. ఒక ఇటుక కొలతతో తృప్తి పడక, ఒకే గోడలో విరగని పదింటిని కొలిచి సగటు తీయాలి. నాగార్జునకొండ ఇటుకలు సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందంతో, నేటి ఇటుకలకు రెట్టింపు పైగా పొడవుగా ఉంటాయి. ఒక గోడ ఇటుక పరిమాణం పక్క గోడకు భిన్నంగా ఉంటే అది మరో విడత నిర్మాణానికి సూచన కావచ్చు, అయితే పాత కట్టడం నుంచి తీసిన ఇటుకలను మళ్లీ వాడడం ఆ రోజుల్లోనూ ఉంది కనుక ఈ ఒక్క ఆధారం మీద కాలాన్ని నిర్ణయించకూడదు.

వీటన్నిటికీ ముందు, కళ్లెదుట ఉన్నది పాత గోడా, ఇటీవలి పునర్నిర్మాణమా అన్నది తేల్చుకోవాలి. తొట్లకొండ మహాస్థూపం ఇప్పటి రూపం చాలావరకు మన కాలంలో తిరిగి కట్టినదే. అంచులు పదునుగా, రంగు ఒకేలా, వరుసలు సమానంగా ఉన్న భాగాలను పటంలో వేరే గీతతో చూపండి. ఇటుకల మీద పేర్లు గీకే సందర్శకులు చేసే నష్టం ఇక్కడే బాగా తెలుస్తుంది: రెండు వేల ఏళ్ల నాటి గచ్చు పొర గోరంత మిగిలి ఉన్నచోట ఒక గీత పడితే, ఆ పొరను బట్టి తెలియవలసిన సంగతి శాశ్వతంగా పోతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

చైత్యగృహాలు, స్థూపం

తొట్లకొండ మీద చైత్యగృహాలు, అంటే ఆరాధన మందిరాలు, గజపృష్ఠాకారంలో ఒకటి, గుండ్రంగా మూడు ఉన్నాయి. ఒకవైపు సూటిగా, వెనక అర్ధవృత్తంగా ఉన్న పునాది కనిపిస్తే అది గజపృష్ఠాకారం. లోపల స్థూపపు పీఠం ఉందా, విగ్రహ పీఠం ఉందా అని చూడాలి. ఇక్కడ బుద్ధుని మానవ రూపానికి బదులు అష్టమంగళ చిహ్నాలతో చెక్కిన బుద్ధపాదాలు దొరకడం, ఈ ఆరామాన్ని హీనయాన సంప్రదాయానికి చెందినదిగా భావించడానికి ఒక ఆధారం. చుట్టూ ఉన్న 16 ఉద్దేశిక స్థూపాలను, అంటే మొక్కుబడిగా కట్టించిన చిన్న స్థూపాలను, ఒక్కొక్కటిగా కొలిచి, మహాస్థూపానికి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోండి. దగ్గరి స్థలం ముందుగా నిండి ఉండవచ్చు కనుక, ఆ దూరాలు కాలక్రమాన్ని అంచనా వేయడానికి పనికొస్తాయి.

పెద్ద స్థూపం దగ్గర మూడు ప్రశ్నలు చాలు. మొదటిది, లోపల ఏముంది? నాగార్జునకొండ మహాచైత్యం (అక్కడి పెద్ద స్థూపం) 106 అడుగుల వ్యాసంతో, ఇరుసు, ఆకులు ఉన్న చక్రం ఆకారంలో ఇటుక గోడలు కట్టి, వాటి మధ్య అరలను మట్టితో నింపిన నిర్మాణం. ధాతువు (పూజించే అస్థి అవశేషం) కూడా నడిమధ్యలో కాకుండా ఒక పక్క అరలో, వెండి పేటికలో ఉంచిన చిన్న బంగారు భరిణెలో దొరికింది. తొట్లకొండ పొరుగున ఉన్న బావికొండ తవ్వకాల్లోనూ అస్థిధాతువు బయటపడింది. రెండోది, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలు ఉన్నాయా? కృష్ణా లోయ స్థూపాల ప్రత్యేకత ఇదే. ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు. వాటిని బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు చిహ్నాలుగా చెబుతారు. మూడోది, ప్రదక్షిణ పథం ఏ వెడల్పులో ఉంది, దాని రాళ్లు ఎక్కడ ఎక్కువగా అరిగాయి? భక్తులు ఏ వైపు నుంచి ప్రవేశించేవారో అరుగుదల చెబుతుంది.

కూలిపోయిన పై భాగాన్ని ఊహించుకోవడానికి అమరావతి ఫలకాల కంటే మంచి సాధనం లేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసిననాటికే అక్కడి దిబ్బను కట్టడపు రాయి కోసం తవ్వుతున్నారు. మిగిలిన శిల్పాలు నేడు అమరావతి, చెన్నై, లండన్ బ్రిటిష్ మ్యూజియం మధ్య చెదిరి ఉన్నాయి. వాటిలో స్థూపాన్నే పూర్తిగా చెక్కిన ఫలకాలు ఉన్నాయి: ద్వారం దగ్గర సింహాలు, ఆయక స్తంభాలు, అండం అనే గుమ్మటం, పైన హర్మిక అనే చదరపు పీఠం, ఛత్రాలు, చుట్టూ నమస్కరిస్తున్న జనం. అలాంటి ఒక ఫలకపు చిత్రాన్ని వెంట తీసుకెళ్లి, పునాది ముందు నిలబడి భాగం భాగంగా పోల్చి చూడాలి. కొండ మీది స్థూపాలు అంత అలంకారంగా ఉండేవని మాత్రం అనుకోకూడదు. తొట్లకొండది స్థానిక రాయి, అది అమరావతి శిల్పాలు చెక్కిన పలనాటి సున్నపురాయిలా సన్నని చెక్కడానికి లొంగదు.

శాసనం ఎదురైతే

తొట్లకొండ దగ్గర దొరికిన శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. లిపి రాకపోయినా శాసనపు నిర్మాణం తెలిస్తే చాలా గ్రహించవచ్చు. నాగార్జునకొండ మహాచైత్యం ఆయక స్తంభాల మీద ఉన్న శాసనాల్లో ముందు ‘సిధం’ అనే మంగళవాచకం, తర్వాత బుద్ధునికి నమస్కారం, దాత వంశం, దానం, అది ఏ శాఖ ఆచార్యుల కోసం చేసినది, దాని వల్ల ఎవరికి మేలు కోరారు, చివర తేదీ వస్తాయి. తేదీలో రాజు పాలనా సంవత్సరం, ఋతువు, ఆ ఋతువులో పక్షం, రోజు ఉంటాయి. ఏడాదిని గ్రీష్మం, వర్షం, హేమంతం అనే మూడు ఋతువులుగా, ఒక్కో దాన్ని ఎనిమిది పక్షాలుగా లెక్కించేవారు. ఇక్ష్వాకు రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి వేయించిన స్తంభ శాసనం తేదీ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ సంవత్సరం, వర్ష ఋతువు 6వ పక్షం, 10వ రోజు. అంటే ఆరామంలో వర్షావాసం సాగే కాలంలోనే దాని తేదీ పడింది.

బోధిసిరి అనే ఉపాసిక (గృహస్థ భక్తురాలు) అదే రాజు పాలన 14వ సంవత్సరంలో వేయించిన శాసనం ఇంకా విలువైనది. నాగార్జునకొండలోని చుళధమ్మగిరి మీద సింహళ థేరుల (శ్రీలంక పెద్ద భిక్షువుల) కోసం చైత్యగృహం కట్టించిన ఆమె, ఇతర చోట్ల తాను చేసిన దానాలను కూడా అందులో వరుసగా చెప్పింది. వాటిలో పువసేల అనే చోట ఒక చెరువు, ఒక మండపం ఉన్నాయి. నీటిని కూడా దానంగా ఇచ్చిన ఆధారం రాతి మీదే ఉన్నప్పుడు, తొట్ల దగ్గర మొదలుపెట్టమని చెప్పడం నా ఇష్టానుసారం చెప్పిన మాట కాదని గ్రహించగలరు.

శాసనాన్ని చదవడానికి సుద్ద, పసుపు, నూనె, నీళ్లు ఏవీ పూయవద్దు. ఒక పక్క నుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని, వెలుగు దిశ మారుస్తూ నాలుగైదు ఫోటోలు తీస్తే చేతితో తాకనవసరం లేకుండానే అక్షరాలు లేచి కనిపిస్తాయి.

నేల మీద ఏదైనా కనిపిస్తే

వానల తర్వాత కుండ పెంకులు పైకి తేలుతాయి. ఎర్రపూత పెంకా, లోపల నలుపు, బయట ఎరుపు ఉన్నదా, అంచు ముక్కనా, కొమ్ము ముక్కనా అని గమనించి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, పటంలో చోటు గుర్తించి, ఉన్నచోటే వదిలేయండి. దాన్ని ఇంటికి తెచ్చుకుంటే అది చోటు తెలియని మట్టి ముక్క అయిపోతుంది. నాణెమో, పూసో, చెక్కిన రాయో కనిపిస్తే ఫోటో తీసి కాపలా సిబ్బందికి, పురావస్తు శాఖ కార్యాలయానికి తెలియజేయాలి. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల పాత వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టమే చెబుతోంది. కేంద్ర రక్షణలో ఉన్న స్మారకాల చుట్టూ 100 మీటర్ల వరకు కట్టడాలు నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. అలాంటి హద్దులో కొత్త పునాదులు, జేసీబీ గుంతలు కనిపిస్తే తేదీ వేసి ఫోటోతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇంటికి చేరాక అదే రోజు చిత్తు పటాన్ని కొలతలతో శుభ్రంగా గీయాలి. పాత గోడలు నల్ల గీతతోను, తర్వాతి విడతవి చుక్కల గీతతోను, పునర్నిర్మాణం పెన్సిలుతోను చూపి, అప్పుడు మాత్రమే అంకెల పక్కన విహారం, వంటశాల, చైత్యగృహం అని పేర్లు రాయండి. ఆ తర్వాత పురావస్తు శాఖ ప్రచురించిన పటంతో పోల్చి, గోడల మూలల్లో మీరు గమనించిన క్రమానికీ వారి కాలక్రమానికీ పొంతన కుదరని చోట్లను వేరే కాగితం మీద రాసుకోండి. రెండోసారి కొండెక్కినప్పుడు ఆ కాగితంలోని మూలల దగ్గరికే ముందు వెళ్లాలి.